కర్సర్ యాడుంది?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో కంప్యూటర్ మొండికేస్తే పిలిచే మనిషి ఒకడుంటాడు. పేరుతో పనిలేదు, అందరికీ ఆయన ‘సాఫ్ట్‌వేర్ అన్న’. పొద్దున ప్రొద్దుటూరులో నగల కొట్టు, మధ్యాహ్నం జమ్మలమడుగులో ఎరువుల అంగడి, సాయంత్రం పులివెందులలో అరటికాయల మండీ. ఫోన్ ఎత్తగానే ఆయన అడిగే మొదటి మాట, “కర్సర్ యాడుంది?” యోగక్షేమాలు ఆ తర్వాత.

అడగడానికి కారణముంది. తెరమీద పేరు, బరువు, తరుగు, మజూరి అంటూ ఇరవై గళ్లున్నా, కీబోర్డు కొట్టింది చేరేది ఒక్క గడికే. ఆ గడికి ఫోకస్ ఉన్నట్టు. బార్‌కోడ్ స్కానర్ కూడా చాలా అంగళ్లలో కంప్యూటర్ లెక్కకు మరో కీబోర్డే. నగకు కట్టిన చీటీ చదివి, అంకెలు టకటకా కొట్టి, చివర ఎంటర్ కూడా తనే నొక్కుతుంది. అవి ఏ గడిలో పడుతున్నాయో దానికి పట్టదు. ఒక అక్షయ తృతీయ రద్దీలో గుమస్తా కర్సర్‌ను పేరు గడిలోనే వదిలేసి స్కానర్ నొక్కాడు. బిల్లు ‘శ్రీమతి 40017329 గారు’ అని వచ్చింది.

“ఏందబ్బా, మా గిరాకీకి ఖైదీ నంబరేసినావు!” అన్నారు శెట్టిగారు.

ఆ రాత్రే అన్న ప్రతి గడికీ పసుపు పూశాడు. ఫోకస్ రాగానే గాట్‌ఫోకస్ అనే ఘటన జరుగుతుంది, అప్పుడు గడి పసుపు. పోగానే లాస్ట్‌ఫోకస్, మళ్లీ తెలుపు. శెట్టిగారికి ఇది బాగా నచ్చింది. శుభమన్నారు. డబ్బు మాత్రం వచ్చే నెల అన్నారు.

అన్న ఆయుధం 1998 నాటి విజువల్ బేసిక్ 6. అందులో ప్రోగ్రాం రాసే సరంజామాకు మైక్రోసాఫ్ట్ 2008లోనే చేతులెత్తేసింది, రాసిన ప్రోగ్రాములు మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాయి. ఢిల్లీలో చట్టం మారితే ఆయనకు ఒక గడి పెరుగుతుంది. 2017 జులైలో జీఎస్టీ, బంగారానికి 3 శాతం, ఒక గడి. 2023 ఏప్రిల్ నుంచి ఆరక్షరాల హెచ్‌యూఐడీ గుర్తింపు కోడ్ లేనిదే హాల్‌మార్క్ నగ అమ్మకూడదన్నారు, ఇంకో గడి.

గుమస్తాలకు ట్యాబ్ మీట గిట్టదు. డాస్ కాలం నుంచీ ఎంటరే అలవాటు. అందుకని ఎంటర్ కొడితే సెండ్‌కీస్‌తో ట్యాబ్ నొక్కినట్టు చేశాడు. దానికొక దురలవాటు ఉంది. ఉన్నట్టుండి నమ్‌లాక్ దీపం ఆర్పేస్తుంది. గుమస్తా బరువు కొడుతుంటే అంకెలకు బదులు కర్సర్ అటూ ఇటూ పరుగెత్తింది. విండోస్ విస్టా వచ్చాక ఆ సెండ్‌కీస్ వాక్యమే ‘అనుమతి లేదు’ అని మొరాయించింది కూడా.

ఆయన కెరీర్‌లో అసలు పరాభవం వేరే. బరువు గడి ఖాళీగా వదిలి కదిలితే లాస్ట్‌ఫోకస్‌లో హెచ్చరిక చూపి వెనక్కి లాగేలా రాశాడు. ధర గడికీ అదే కాపలా. బరువు రాయకుండా ధరకు వెళితే బరువు రమ్మంటుంది, వెళ్లబోతే ధర ‘నా సంగతేంది’ అంటుంది. ఓకే నొక్కీ నొక్కీ గుమస్తా వేలు నొచ్చింది, చివరికి ప్లగ్గు పీకాడు. దీనికి మందుగానే ఆరో వెర్షన్‌లో వ్యాలిడేట్ అనే ఘటన పెట్టారు. అన్నకు అది నాలుగేళ్లు ఆలస్యంగా తెలిసింది. నిజం చెప్పాలంటే, ఆ సంగతి రాసిన పుస్తకం ఆయన దగ్గర మొదటి నుంచీ ఉంది.

మేనల్లుడు పులివెందుల జేఎన్‌టీయూ కళాశాలలో చదివాడు. ఆ కళాశాలా 2006దే, తెరలు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సరంజామా డబ్ల్యూపీఎఫ్ కూడా 2006దే. “మామా, డబ్ల్యూపీఎఫ్‌లో ఫోకస్ రెండు రకాలు. ఒకటి లాజికల్, ఒకటి కీబోర్డు” అన్నాడు.

అన్న కాసేపు ఆలోచించి, “ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సుకు కిటికీలోంచి తువ్వాలు వేస్తాం గదా, అది లాజికల్. ఎక్కి కూర్చున్నోడిది కీబోర్డు” అన్నాడు. అల్లుడు నోరు తెరిచాడు. పోలిక దాదాపు సరిపోయింది. ఒక్కో బస్సులో ఒక్కో తువ్వాలు ఉండొచ్చు, కీబోర్డు మాత్రం ఒకే మనిషికి.

ఇప్పుడాయన మైక్రోసాఫ్ట్ సూచనను బాండు పేపరంత శ్రద్ధగా పాటిస్తున్నాడు: ఫోకస్ వచ్చే, పోయే ఘటనల లోపల మళ్లీ ఫోకస్ మార్చొద్దు. పెళ్లిళ్లలోనూ అదే పద్ధతి. మధ్యలో లేచి కుర్చీ మారడు, మారినవాడి వంక అనుమానంగా చూస్తాడు.

ప్రొద్దుటూరులో నగ కొంటే బిల్లుమీద మీ పేరు ఒకసారి చదువుకోండి. అక్కడ అంకెలు కనిపిస్తే శెట్టిగారిని కోప్పడకండి, కర్సర్ యాడుందో అడగండి చాలు.