ఆగ్నేయ మూల

గుడివాడలో బొమ్మల మాటెత్తితే ఎస్.వి. రామారావుగారి పేరు రాక తప్పదు. 1936లో ఆ ఊళ్లో పుట్టి, లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, చికాగోలో స్థిరపడి, 2001లో పద్మశ్రీ అందుకున్న నైరూప్య చిత్రకారుడాయన. ఆ బొమ్మలు అర్థమయ్యాయనేవాళ్లు తక్కువ, ఆయన మావాడేననేవాళ్లు ఎక్కువ.

ఆ ధీమాతోనే మా బందరు చిత్రకారుడొకాయన గుడివాడలో ప్రదర్శన పెట్టాడు. ఈయనదీ నైరూప్యమే గానీ నూనెరంగులు కావు, మైనం. ఎన్‌కాస్టిక్ అంటారు. తేనెమైనంలో డామర్ గుగ్గిలం కరిగించి, రంగుపొడి కలిపి, వేడి చల్లారకముందే చెక్క పలక మీద కుంచెతో పూస్తారు. గుడ్డ మీదయితే వంగినచోటల్లా మైనం పగుళ్లిస్తుంది. ఒక పూత మీద ఇంకో పూత వేసినప్పుడల్లా హీట్ గన్‌తో సెగ చూపించాలి, అప్పుడే రెండూ కలుస్తాయి. ఈజిప్టులో ఫయ్యూమ్ మమ్మీల ముఖచిత్రాలు చాలావరకు ఇలా వేసినవే. రెండు వేల ఏళ్లకు దగ్గర పడుతున్నా ఆ కళ్లలో తడి ఆరలేదు. ఆ మాటకొస్తే బందరుకు మైనం కొత్తా? కలంకారీ బట్టను నీలిమందు తొట్టిలో ముంచేముందు, నీలం అంటకూడనిచోట మైనమే పూసేవాళ్లు. తర్వాత మరుగునీళ్లలో వదలగొట్టేవాళ్లు.

ముదినేపల్లి వైపు చేపల చెరువులున్న ఆసామి ఒకాయనకు అన్నిటికన్నా పెద్ద పలక నచ్చింది. దివిసీమ చివర, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోటట అది. నీలం, బూడిదరంగు, నడుమ తేనెరంగు చార.

“రోహిణి కార్తెలో కారిపోదు గదా మాస్టారూ?”

“62 డిగ్రీలు దాటితే గానీ కరగదండీ. మన ఎండలు దీన్నేం చేస్తాయి? ఇది నిప్పులో పుట్టిన బొమ్మ!”

అమ్మకం దగ్గర ఆమాత్రం డాబు ఎవరికైనా వస్తుంది.

గృహప్రవేశమైన కొన్నాళ్లకు, ఒకసారి వచ్చి వెళ్లమని ఆసామి కబురు పెట్టాడు. హాల్లో బొమ్మ లేదు. తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్లాడు. గ్యాస్ పొయ్యి వెనక గోడకుంది. నీలం బూడిదలోకి జారి, రెండూ కలిసి గట్టు మీది పోపులపెట్టె దాకా కారి గడ్డకట్టాయి.

“నిప్పులో పుట్టిందన్నారుగా. మా సిద్ధాంతిగారు ఆగ్నేయంలోనే పెట్టాలన్నారు.”

చిత్రకారుడికి నోట మాట రాలేదు.

“మీరేం బాధపడకండి మాస్టారూ. ఇదివరకు వచ్చినవాళ్లంతా ఇదేం బొమ్మని నన్ను అడిగి చంపేవాళ్లు. కారినప్పట్నుంచి ఒక్కరడిగితే ఒట్టు. ఆహా అంటున్నారు. మా అల్లుడి స్నేహితుడు హైదరాబాద్ నుంచి వచ్చి, మీకిచ్చినదానికి రెట్టింపిస్తానన్నాడు. ఒక్కటే పేచీ, దాంతోపాటు మీ సంతకం కూడా కారిపోయింది. అది లేకపోతే తీసుకోడట.”

జేబులోంచి పెన్ను తీసి చేతికిచ్చాడు.

“కాస్త కింద గీకి పెడుదురూ.”