అరవై మూడో పేజీ

నేను 1956లో మద్రాసులో అచ్చయిన కథల పుస్తకాన్ని. ఒక మాస్టారు పలాసలో నన్ను కొని, ఉద్దానంలోని తన పెంకుటింటికి తెచ్చుకున్నారు. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచినప్పుడు, నన్ను అక్కడికి ఇచ్చేద్దామని మాస్టారు రెండుసార్లు సంచిలో పెట్టారు. రెండుసార్లూ మనసొప్పక తిరిగి అటకెక్కించారు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు వేళ్లతో సహా పడ్డాయి. మా ఇంటి పెంకులు లేచిపోయాయి. తడిసి ముద్దయ్యాను. మాస్టారు కాగితాల మధ్య న్యూస్ పేపర్ ముక్కలు పెట్టి నీడన ఆరబెట్టారు. అయినా సగం పేజీలు అట్టలా అంటుకుపోయాయి.

"తాతా, ఇది ఫోన్‌లో ఉందేమో చూస్తానుండు" అన్నాడు టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే మనవడు. పాత చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల పథకం మొదలుపెట్టారని, ఇక్కడ బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దాన్ని భుజానికెత్తుకున్నాయని వాడు చెబితేనే తెలిసింది. పుస్తకాన్ని వెల్లకిలా పరిచి, పైనుంచి అంగుళానికి 600 చుక్కల చొప్పున బొమ్మ తీసేవారట. 2007 నాటికి అన్ని దేశాల్లో కలిపి 15 లక్షల పుస్తకాలు దాటాయట. ఇక్కడి బొమ్మలు ఉంచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు తర్వాత మూతపడినా, ఆ బొమ్మల నకళ్లు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. ఒకేచోట దాస్తే ఏమయ్యేదో తలుచుకుంటే నా కుట్లు వణుకుతాయి.

మనవడు అందులో నా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా కొట్టాడు. దొరకలేదు. ఐదోసారికి దొరికింది. నేను కాదు, నాతోపాటు అచ్చయిన నా తోబుట్టువు! మొదటి పేజీలో ఏదో గ్రంథాలయం ముద్ర. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని రాత్రంతా చదివారు.

పొద్దున్నే మనవణ్ణి పిలిచారు. "అరవై రెండు తర్వాత అరవై అయిదు వచ్చిందేటిరా?"

"మద్దెన కాయితం నేదు తాతా. ఎవులో చింపేసినట్టున్నారు."

మాస్టారు నన్ను ఒళ్లోకి తీసుకున్నారు. కొబ్బరి ఈనె ఒకటి సన్నగా గీకి, అంటుకున్న పేజీల మధ్య నెమ్మదిగా జరుపుతూ వచ్చారు. గంట పట్టింది. ఆ కాగితం విడివడింది. అంచున తుఫాను నీటి మరక ఉంది గానీ ఒక్క అక్షరం పోలేదు.

మనవడు నన్ను అరుగు మీద వెలుతురులో పరిచి, ఫోన్‌ను నా మీదికి వంచాడు.