అరవని గడ్డికి అన్ని గొంతులా!

కోసిన పచ్చగడ్డి నుంచి వచ్చే వాసన గడ్డి పెట్టే ఆర్తనాదమట. అడవిలో చెట్లు ‘పురుగొచ్చింది, జాగ్రత్త’ అని ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటాయట. నమ్మకపోతే ఫోనులో వీడియో కూడా ఉందట. ఈ కథ విన్నవాళ్ళు రెండు రకాలు. మొదటివారు కళ్ళు తుడుచుకుంటారు. రెండోవారు కోడికూర కలుపుకుంటూ పక్కవాడి ఆకుకూర పప్పు వైపు వేలు చూపించి ‘నువ్వూ హంతకుడివే’ అంటారు. తోటకూర మీద పొంగిన ఈ కరుణ కోడి దాకా ఎందుకు రాదని అడగకూడదు. ఆ కోడి తిని పెరిగింది మొక్కజొన్న, సోయా దాణాయే కదా, మొక్కల హత్యల లెక్క తీస్తే ఎవరి ఖాతాలో ఎక్కువ పడతాయని అసలే అడగకూడదు. పుష్పవిలాపం రాసిన కరుణశ్రీకి పూలచేత మాట్లాడించే హక్కు ఉంది. ఆయన దాన్ని పద్యమనే చెప్పారు, ప్రయోగశాల నివేదిక అనలేదు. పేచీ అల్లా కవిత్వం మీద రసాయనశాస్త్రం ముద్ర కొట్టి అమ్మేవాళ్ళతోనే.

ఆకు తెగినప్పుడు జరిగేది ఇదీ. కణాలు చిట్లుతాయి. అంతవరకూ ఎవరి గదిలో వాళ్ళున్న ఎంజైములు, పొరల్లోని కొవ్వు ఆమ్లాలు కలిసిపోతాయి. కొన్ని సెకన్లలో హెక్సెనాల్ వంటి ఆరు కార్బన్ల పదార్థాలు పుట్టి గాలిలో కలుస్తాయి. మన ముక్కుకు తగిలే పచ్చివాసన ఇదే. ఆకును రోట్లో వేసి ముద్దగా నూరినా ఇదే వాసన, ఇంకా ఘాటుగా వస్తుంది. అప్పటికి అరవడానికి మొక్కే మిగల్లేదు! ఉల్లిపాయ కోసినప్పుడు కంటికి తగిలేదీ ఇలా చిట్లిన కణాల్లో పుట్టిన రసాయనమే. అక్కడ ఏడ్చేది మనమే కాబట్టి ఉల్లి ఆర్తనాదం గురించి ఇంకా ఎవరూ వీడియో చేసినట్టు లేదు.

అయితే అంతా తెగిన కణాల నుంచి ఉత్తగా కారిపోవడమేనా అని అడగవచ్చు. కాదు. పురుగు కొరికిన కొన్ని గంటలకు కొన్ని మొక్కలు వేరే వాసనలను పనిగట్టుకుని తయారుచేస్తాయి. 1990లో టర్లింగ్స్, టమ్లిన్సన్ బృందం అమెరికాలో మొక్కజొన్న మీద చూపించింది ఇదే. లద్దె పురుగు జాతి గొంగళి ఆకు తింటే, దాని నోటి స్రావం తగిలిన మొక్క టెర్పీన్లు వదిలింది. ఆ వాసన పట్టుకుని చిన్న కందిరీగలు వచ్చాయి. అవి గొంగళి ఒంట్లో గుడ్లు పెడతాయి, పిల్లలు దాన్ని లోపలినుంచి తినేస్తాయి. ఇంతకన్నా గొప్ప కథ ఏ ఫోనులో దొరుకుతుంది? దీన్నే ‘మొక్కజొన్న అంగరక్షకులను పిలిచింది’ అని రాసేస్తారు. పక్కింట్లో తాలింపు ఘుమఘుమలాడితే వాళ్ళు మనల్ని భోజనానికి పిలిచినట్టా? కందిరీగకు కావలసింది తన పిల్లలకు తిండి. తిండి ఎక్కడుందో వాసన ఆచూకీ చెప్పింది. ఆ వాసన వదిలిన మొక్కలకు మేలు జరిగి ఉంటే ఆ గుణం తరతరాలుగా నిలిచి ఉండవచ్చు. అందులో పిలుపు ఎక్కడుంది? పైగా ఆచూకీ అందేది మిత్రులకు మాత్రమే కాదు. పురుగు కొరికిన బంగాళాదుంప మొక్క వాసనకు ఆ పంటను నాశనం చేసే కొలరాడో పెంకు పురుగులే ఇంకా చేరతాయి. బంగారు తీగ అనే కలుపు మొలక టమాటా వాసన పట్టి దానివైపే పాకుతుందని 2006లో రన్యన్, మెషర్, డీ మొరేస్ చూపించారు. ఆ టమాటాకు దెబ్బేమీ తగల్లేదు. మరి అది ఎవరిని పిలిచినట్టు, తన రక్తం తాగేదాన్నా?

‘పక్క మొక్క స్పందిస్తుందిగా’ అన్నది అసలైన అభ్యంతరం. స్పందిస్తుంది. 1983లో బాల్డ్విన్, షుల్జ్ ఒకే గదిలో పోప్లార్ మొక్కలు పెట్టి కొన్నిటి ఆకులు చించితే, చించని వాటిలోనూ రక్షణ రసాయనాలు పెరిగాయి. పత్రికలకు ‘మాట్లాడే చెట్లు’ ఆనాడే దొరికాయి. లెక్కల్లో లోపాలున్నాయని తోటి శాస్త్రజ్ఞులు దులిపేసినా, తరువాతి ప్రయోగాలు మూలాంశాన్ని నిలబెట్టాయి. కానీ ఎంత దూరం? కాలిఫోర్నియాలో రిచర్డ్ కార్బన్ సేజ్‌బ్రష్ పొదల మీద బయట, ఆరుబయలు గాలిలో చేసిన పనిలో ఆ ప్రభావం 60 సెంటీమీటర్ల వరకు కనిపించింది. అడవంతా మోగే హెచ్చరిక అంటే రెండడుగులు! అంత దగ్గరలో ఉండేది చాలాసార్లు ఆ మొక్కదే ఇంకో కొమ్మ. మొక్కలో పక్కపక్క ఆకుల మధ్య నాళాల సంబంధం సరిగా లేనిచోట గాలిదారి దగ్గర పడుతుందని లిమా చిక్కుడు మీద హీల్ బృందం 2007లో చూపించింది. పొరుగు మొక్క విన్నది ఒలికిన మాట మాత్రమే అయి ఉండవచ్చు. ఇక అందరికీ చేరిన ఆ మెరిసే వీడియో జపాన్‌లో సైతామా విశ్వవిద్యాలయం వారిది, 2023 నాటిది. కాల్షియం పెరిగితే వెలిగేలా జన్యుమార్పిడి చేసిన చిన్న మొక్క మీదికి, గొంగళ్ళను ఆకులతో కలిపి సీసాలో పెట్టి, ఆ గాలిని పంపుతో కొట్టారు. మొక్క మెరిసింది. చక్కని ప్రయోగం, నిజాయితీ గల ప్రయోగం. ‘సంభాషణ’ అన్న మాట మాత్రం ఆ పరిశోధన పత్రం శీర్షికలో లేదు.

‘మన పెద్దలు ఎప్పుడో చెప్పారు’ అన్నవారు మిగిలారు. మహాభారతం శాంతిపర్వంలో భృగువు చెట్లకు వినికిడి, సుఖదుఃఖాలు ఉన్నాయని భరద్వాజుడికి చెప్పిన మాట నిజమే. జగదీశ్ చంద్ర బోసు మొక్కల స్పందనలను కొలిచిన మాటా నిజమే. కానీ 1902 నాటి పుస్తకంలో బోసు గారు తగరం లాంటి లోహాల స్పందనను కూడా కండరాలు, మొక్కల పక్కనే పెట్టి చూపారు. స్పందనంటే బాధే అయితే పప్పు గరిటె కూడా ఏడుస్తుందని ఒప్పుకోవాలి. నాడీకణం లేని, మెదడు లేని జీవికి బాధ అంటగట్టాలంటే స్పందించింది అన్న ఒక్క మాట చాలదు. ‘ఏదో ఉపమానం, మొక్కల మీద ప్రేమ పెరుగుతుంది కదా’ అంటారు మెత్తనివారు. పెరిగితే సంతోషమే. ఆ ప్రేమ కాస్తా పంట దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో చూడాలి.

బ్రిటన్‌లో రోథమ్‌స్టెడ్ శాస్త్రజ్ఞులు పేనుబంక ప్రమాద సంకేతంగా వాడే వాసనను గోధుమ మొక్కచేత వదిలించారు. ప్రయోగశాలలో పేనుబంక పారిపోయింది. 2015లో పొలం ఫలితాలు వచ్చాయి: పురుగు తగ్గలేదు. ‘ప్రమాదం, ప్రమాదం’ అని ఎడతెగక వాసన వస్తున్నా పేనుబంక తన పని తను చేసుకుంది. లింగాకర్షక బుట్ట పెట్టే మన రైతు అందులో ప్రేమలేఖ ఉందనుకోడు, ఎన్ని పురుగులు పడ్డాయో లెక్కపెడతాడు. కెన్యాలో జియావుర్ ఖాన్ బృందం అలాగే లెక్కపెట్టింది. మొక్కజొన్న మధ్య వాళ్ళు వేసిన మొలాసిస్ గడ్డి, పురుగు కొరికిన మొక్క వదిలేటటువంటి వాసనను ఎవరూ కొరక్కుండానే వదులుతుంది. ఆర్తనాద సిద్ధాంతంలో ఇది ఎక్కడా ఇమడదు. కాండం తొలిచే పురుగు తగ్గింది, కందిరీగల పాలబడే పురుగుల వాటా పెరిగింది. 1997లో నేచర్ పత్రిక ఆ ఫలితాలు ప్రచురించింది. ఆ గడ్డిని కోసి పశువులకు మేతగా కూడా వేస్తారు.