అర లోతు

కతార్‌గామ్ అంటే సూరత్‌లో వజ్రాలకు సానబట్టే పేట. అక్కడి ఓ పాత కాలేజీలో లైబ్రరీ పగలగొట్టి కొత్తగా కడుతున్నారంటే చూడ్డానికి వెళ్లాను. వడ్రంగి పని చేస్తున్నవాడు మా కుర్రాడే. వాళ్ల తాత సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మునిసిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో వాడికి అక్షరాలు దిద్దించింది నేనే.

లోపల నిలబడితే దుమ్ముకు కళ్లు మండుతున్నాయి. నడిమి గోడ కొట్టేసి, పైకప్పు కింద ఇనప జాకీలు నిలబెట్టారు. మిగిలిన గోడ మీద నా ఛాతీ ఎత్తున మట్టిరంగు గీత ఒకటి కనిపించింది. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్లు వదిలాక తాపీ నది ఊరి మీద పడింది కదా, అప్పటిది. రిటైరైన లైబ్రేరియన్ ఆ గీత దగ్గరే నిలబడి ఉన్నాడు. వరద వస్తోందని తెలియగానే కింది అరల్లోని పుస్తకాలన్నీ ఒక్కడే మేడ మీదికి మోసిన మనిషి. ఒక్కటి కూడా తడవలేదట.

ఆ పుస్తకాలను ఇప్పుడు కిలోల లెక్కన పాత కాయితాలు కొనే పస్తీ దుకాణానికి తోలేశారు. కొత్త హాలు నిండా కంప్యూటర్లేనట, చోటు లేదన్నారు. కనీసం నిఘంటువులన్నా ఉంచండని ఆయన బతిమాలాడు. ముఖ్యంగా ‘నర్మకోశ్’. ఈ సూరత్ వాడే, కవి నర్మద్, ఏళ్ల తరబడి ఒంటిచేత్తో కూర్చి 1873లో అచ్చువేసి అప్పుల పాలైన గుజరాతీ నిఘంటువు అది. మాకూ ఓ బ్రౌన్ దొర ఉన్నాడని చెప్పాను. 1852లో తెలుగు నిఘంటువు తెచ్చాడనీ, పండితులకూ లేఖకులకూ తన జీతం లోంచే ఇచ్చుకున్నాడనీ చెబితే, ఆ ముసలాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇలాంటి మనుషుల కష్టాన్ని తూకానికి వేయడానికి చేతులెలా వస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రారంభోత్సవానికి ఇద్దరం వెళ్లాం. ఏసీ, అద్దాలు, దాచిన దీపాలు. వరద గీత ఉన్న గోడ కనిపించలేదు. నేల నుంచి కప్పు దాకా టేకు అరలు, వాటి నిండా తోలు బైండు పుస్తకాలు, బంగారు అక్షరాలు. వచ్చినవాళ్లంతా వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. లైబ్రేరియన్ జనాన్ని తోసుకుంటూ వెళ్లాడు. మూడో అరలో లావుపాటి నర్మకోశ్! వెన్ను మీద ఆయన చేత్తో రాసి అంటించిన నంబరు చీటీ అలాగే ఉంది.

“వెనక్కి తెప్పించారు! నా మాట విన్నారు!” అంటూ పుస్తకం మీద వేలేసి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు.

మా కుర్రాడు గబగబా నా పక్కకొచ్చి తెలుగులో గొణిగాడు.

“సార్, ఆయన్ని గుంజొద్దనుండ్రి. అర లోతు రెండించులే. పుస్తకాలు పట్టయ్. ఆ పస్తీ దుకాణంలనే మళ్ల కొనుక్కొచ్చి, మిషన్ మీద వెన్నులు కోపిచ్చి, నాతోని అతికిపిచ్చిన్రు.”

“మరి లోపలి కాయితాలు?”

“మళ్ల ఆ దుకాణానికే అమ్మిన్రు సార్.”