ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, పదకొండో ర్యాపరు

ర్యాప్ లేబుళ్ళవాళ్ళు ఈమధ్య ఒక గొప్ప లెక్క కనిపెట్టారు. ఒక్కడి పాట వినే నాథుడు లేకపోతే పదకొండు మందిని పోగేసి ఒకే ఆల్బంలో కూర్చోబెట్టాలి. తలకో వెయ్యిమంది అభిమానులున్నా పదకొండు వేలమంది వింటారు. దీనికి ‘కొలాబరేషన్’ అని పేరు. పోస్టరు నిండా పేర్లే. ఆఖరివాడి పేరు ఫోను అంచుకి తగిలి సగమే కనబడుతుంది. వాడి పాటా అంతే, సగంలోనే ఆగుతుంది.

ఈ ఉపాయం అమెరికాలో పుట్టిందంటే దివిసీమలో నవ్విపోతారు. పద్యనాటకాల కాంట్రాక్టర్లు దీన్ని ఎప్పుడో అరగదీశారు. తిరునాళ్ళలో ‘కురుక్షేత్రం’ వేయిస్తే కృష్ణుడు ఒక్కడైతే ఊరికి చిన్నతనం. పడక సీనుకి ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, చందాలు బాగా వస్తే మూడో ఆయన కూడా. నెమలిపింఛం అదే, తలలు మారతాయి. గోడపత్రిక మీద ఎవరి పేరు ఎంత అక్షరాల్లో పడిందన్నదాని మీద తెరవెనక ఇంకో కురుక్షేత్రం. లేబుల్ అంటే ఏమిటని ఇప్పటి కుర్రాళ్ళు అడిగితే చెప్పడం తేలిక: మీ తాతగారి ఊళ్ళో హార్మోనియం పెట్టె పక్కన చేతిసంచీ పట్టుకుని కూర్చునేవాడే, ఆ కాంట్రాక్టరే.

తేడా అల్లా వినేవాడి దగ్గర ఉంది. పీసపాటి, షణ్ముఖి, ఏ.వి. సుబ్బారావు వంటివాళ్ళు కృష్ణుడు కట్టిన రోజుల్లో, చాప పరుచుకుని తెల్లవార్లూ కూర్చున్న రైతు చేతిలో కలం లేని విమర్శకుడు. రెండో కృష్ణుడు రాగం ఎత్తుకోగానే ఒకటో కృష్ణుడితో బేరీజు మొదలు. పద్యం నిలబడితే ‘వన్స్‌మోర్’, తేలిపోతే జనం చుట్టలు వెలిగించుకోవడానికి లేచిపోవడం. మధ్యస్తపు తీర్పు లేదు. ఇప్పటి శ్రోత ఆల్బం విడుదలైన మూడో నిమిషానికి నిప్పు బొమ్మలు మూడు పెట్టి ‘మామా మంటలే’ అంటాడు. ఆల్బం నిడివి గంట. మిగతా యాభైఏడు నిమిషాలు ఏ చెవితో విన్నాడో వాడికే తెలియాలి.

పాతదంతా బంగారమని మాత్రం నేననను. ఒక్క పద్యపాదం చివర పట్టుకుని అరగంట ఆలాపన లాగిన కృష్ణులూ ఉన్నారు. పాండవుల సంధి సంగతి దేవుడెరుగు, ఆయన ఊపిరి తీసుకుంటే చాలని సభంతా మొక్కుకునేది. వాళ్ళు సాగదీసి అర్థాన్ని చంపారు, వీళ్ళు పరిగెత్తించి చంపుతున్నారు.

అందరినీ ఒకే గాటన కట్టడం కూడా అన్యాయమే. జె. కోల్ అనే అమెరికన్ ర్యాపరుకి డ్రీమ్‌విల్ అని సొంత లేబుల్ ఉంది. 2019 జనవరిలో వాళ్ళు అట్లాంటాలో ఓ స్టూడియో పట్టి, పది రోజులు అందరినీ ఒకే కప్పు కిందికి పిలిచారు. పిలుపులు శుభలేఖల్లాగా అచ్చేసి పంపితే, అందుకున్నవాళ్ళు వాటిని ఊరంతా చూపించుకున్నారు. వందకు పైగా పాటలు పుట్టాయి. జులైలో ‘రివెంజ్ ఆఫ్ ది డ్రీమర్స్ 3’గా బయటికొచ్చినవి 18. ఏరిపారేసినవి ఎన్నో చూడండి. అందులోనూ నీరసమైన పాటలు లేకపోలేదు, కానీ ఒకడు వదిలిన మాటని పక్కవాడు అందుకున్న చోట్లు చెవికి తెలుస్తాయి. ఇదే కోల్ 2014లో పక్కగొంతు ఒక్కటి లేకుండా ఆల్బం చేసి ప్లాటినం కొట్టిన మనిషి. అభిమానులు ఇప్పటికీ ‘నో ఫీచర్స్’ అని అదే పాట పాడతారు. పాపం, వాళ్ళకి నిమ్మకూరు ఎన్టీఆర్ తెలియదు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కర్ణుడు ఆయనే, దుర్యోధనుడు ఆయనే, కృష్ణుడు ఆయనే, దర్శకుడూ నిర్మాతా కూడా ఆయనే. ‘నో ఫీచర్స్’ అంటే అదీ.

ఇక మన సరుకు. ‘ప్రేమికుడు’లో పేట ర్యాప్ విని గంతులేసిన 1994 నుంచి తెలుగు చెవికి ర్యాప్ కొత్త కాదు. 2019లో ముంబై ర్యాపర్ల సినిమా ‘గల్లీ బాయ్’ వచ్చాక ప్రతి సందులోనూ ఒక మైకు మొలిచింది. బిగ్‌బాస్ ఇంట్లోకి రోల్ రైడా, నోయెల్ నడిచి వెళ్ళారు కాబట్టి అమ్మమ్మలకి కూడా ర్యాపరంటే ఎవరో తెలుసు. ఇంత తెలిసిన జనానికి లేబుల్ వడ్డించే విస్తరి చూడాలి. పదకొండు మంది పదకొండు గదుల్లో దుప్పటి కప్పుకుని రికార్డు చేసి వాట్సాప్‌లో పడేస్తారు. ఒకడు బీటు కింద కుట్టేస్తాడు. ముందువాడు చెల్లెలి పెళ్ళి అప్పు గురించి గొంతు బొంగురుపోయేలా చెప్పి ఆపుతాడు. వెంటనే రెండోవాడు ‘నా కారు చూశావా’ అని దిగుతాడు. ముందువాడు ఏం చెప్పాడో వాడు విననేలేదు, వినాల్సిన పనీ లేదు. రాయబారం సీనులో కృష్ణుడి పద్యం కౌరవుల ఒంటికి తగిలితేనే అటునుంచి జవాబు పద్యం లేస్తుంది. ఇక్కడ తగలడానికి ఎదురుగా మనిషే లేడు.

గుడివాడలో బందరు ప్యాసింజరెక్కి అలాంటి ఆల్బం ఒకటి చెవులకి తగిలించుకోండి. గుడ్లవల్లేరు దాటేసరికి నలుగురు ర్యాపర్లు తమ పేర్లు చెప్పుకుంటారు. కవుతరం దగ్గర ఇంకో ఇద్దరు శత్రువుల పని పడతారు. ఆ శత్రువులెవరో ఎక్కడా చెప్పరు. పెడన వచ్చేసరికి అందరూ కష్టాల్లోంచి పైకొచ్చేస్తారు. ఏ కష్టం, ఏ ఊళ్ళో, ఎంత అప్పు, ఎవరికి? చెప్పరు. చిలకలపూడిలో మెడగొలుసు వర్ణన మొదలవుతుంది. అక్కడ మాత్రం నాకు కాస్త గర్వం, ఎందుకంటే ఆ గొలుసు ఆ ఊరి రోల్డుగోల్డే అయ్యుండాలి. అక్కడి పనివాడు రాగి మీద బంగారపు పూత పూసి, ఇది పూతేనని చెప్పి మరీ అమ్ముతాడు. ర్యాపరు ఆ ఒక్క ముక్క దాచేస్తాడు.

ప్రాసల సంగతి ఎత్తకపోతే నిద్ర పట్టదు. తెలుగులో అంత్యప్రాసంత చవకైంది లేదు. క్రియ చివర ‘స్తా’ తగిలిస్తే చాలు: వస్తా, చూస్తా, వేస్తా, కోస్తా, ఇక చస్తా. ఈ దినుసుతో పదహారు పాదాలు నింపి కవిత్వమంటే, పాదానికి రెండో అక్షరం కలపడానికి, యతి కుదర్చడానికి చెమటోడ్చినవాళ్ళు ఏం కావాలి? ఛందస్సులో రాయమని కాదు నా గోల. సులువైనచోట సులువుగా గెలిచి చేతులెత్తి ఊరేగొద్దని.

అన్నిటికంటే ఒళ్ళు మండించేది ఉపమానాలు. ప్రతి ఆల్బంలోనూ ఒకడైనా తానే తుఫాను, తానే సునామీ, తానే ఉప్పెన. బాబూ, ఆ మూడోమాట అవనిగడ్డ సెంటర్లో నిలబడి అను చూద్దాం. 1977 నవంబరు 19న దివిసీమ మీదికొచ్చిన ఉప్పెన ఆ తుఫానులో పోయిన వేలమందిలో ఎక్కువమందిని మింగింది. నాగాయలంక, కోడూరు వైపు ఇళ్ళలో ఇప్పటికీ ఆ మాటని బడాయికి వాడరు.

పోనీ దివిసీమలో చెప్పడానికి సరుకు లేదా? కోడూరు కుర్రాడొకడు రొయ్యల చెరువు గట్టు మీద కాపలా పడుకుంటాడు. అర్ధరాత్రి కరెంటు పోతుంది. ఏరియేటర్లు ఆగుతాయి. నీళ్ళలో గాలి అయిపోయేలోగా డీజిల్ ఇంజను తిరగాలి. తిరక్కపోతే తెల్లారేసరికి వనామి రొయ్య మొత్తం చచ్చి తేలుతుంది. తెల్లమచ్చ తెగులు తప్పించుకుని పట్టుబడి దాకా వచ్చినా, కౌంటు కిలోకి వంద దగ్గరే ఆగిపోతే కొనేవాడు చెప్పిందే ధర. మేత అప్పు ఒకపక్క, లీజు ఒకపక్క. పక్కనే వరి రైతు, శివారు కాలువలో నీళ్ళు రాక, చెరువుల ఉప్పు చేలోకి దిగి, ఈ కుర్రాడినే తిడుతుంటాడు. ఇదిగో కొలాబరేషన్! ఒకే గట్టుకి ఇటొక గొంతు, అటొక గొంతు, ఒకడి మాట ఒకడికి తగిలే పాట. అంకెలు, గడువు, కోపం, తిట్టు, ర్యాపుకి ఇంకేం కావాలి? కానీ లేబుల్‌కి ఇది పనికిరాదు. ముంబై గల్లీ కావాలి, అట్లాంటా తుపాకీ కావాలి. కోడూరు కుర్రాడు ఎత్తగలిగింది డీజిల్ డబ్బా.

బడాయి ర్యాపుకి ప్రాణమనీ, నాకు ఆ సంగతి తెలియదనీ అంటారు. బడాయి మాకు నేర్పకండి. తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచి, సంస్కృతంలోనూ తెలుగులోనూ మమ్మల్ని గెలిచినవాడికి మొక్కుతామని సవాలు విసిరినవాళ్ళు. వాళ్ళలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యుడే. జంటలో రెండోవారైన తిరుపతి శాస్త్రి పోయాక కూడా చెళ్ళపిళ్ళ జంట పేరుతోనే రాశారు. లేబులంటే అంత పట్టింపు ఉండాలి. ఆ జంట మీసం వెనక శతావధానాలున్నాయి. నూరుమంది ఎదురుగా కూర్చుని అడ్డు తగులుతుంటే నిలబడి చెప్పిన పద్యాలున్నాయి.

కాబట్టి లేబుల్ పెద్దలకి ఒక మనవి. మీ పదకొండుమంది ఆల్బంని అవధాన సభకి తీసుకురండి. వేరే అంశాలొద్దు, పద్యం చెబుతుంటే అక్షరాలు నిషేధించే నిషిద్ధాక్షరి ఒక్కటి చాలు. అక్షరాలు కూడా వదిలేద్దాం, మూడు మాటలే నిషేధిద్దాం: ‘నేను’, ‘బ్రో’, లేబుల్ పేరు. పదకొండు మందినీ ఒకే వేదిక మీద, ఒకరి మొహం ఒకరికి కనబడేలా కూర్చోబెట్టండి. స్పాటిఫై ముప్ఫై సెకన్లు వింటేనే ఒక లెక్క వేస్తుంది, మేమూ ఆ ముప్ఫై సెకన్లే అడుగుతున్నాం. మైకు, షామియానా, కూర్చోవడానికి చాపలు మా ఖర్చు. వన్స్‌మోర్‌కి మాత్రం హామీ ఇవ్వలేం. పోస్టరు మీద ఎవరి పేరు పెద్దగా పడాలో మీలో మీరు తేల్చుకోండి, ఆ గొడవలో మేం తలదూర్చం.