పరుపుకీ డేటాబేస్ కావాలట!

2025 అక్టోబరు 20. మనకు దీపావళి. మధ్యాహ్నం 12 గంటల 18 నిమిషాలకు, ఇక్కడ బూరెలు వేగుతుంటే, అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ వారి డైనమోడీబీ డేటాబేస్ ఎవరికీ దొరక్కుండా పోయింది. హైదరాబాద్‌లో ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్లకు టపాసులకన్నా ముందే ఫోన్లు మోగి ఉంటాయి.

డేటా ఎక్కడికీ పోలేదు, పోయింది అడ్రసు. ఆ అడ్రసులు చూసుకునే ప్రోగ్రాముల్లో ఒకటి నత్తనడకన వచ్చి పాత పట్టీ అతికించింది. రెండోదానికి శుభ్రత పిచ్చి. ‘ఇది పాతది కదా’ అని చెరిపి పారేసింది. ఆ దెబ్బకి స్నాప్‌చాట్ మూగబోయింది, రింగ్ కెమెరాలు మొరాయించాయి.

అసలు జాలి పడాల్సింది పరుపుల మీద. ఎయిట్ స్లీప్ కంపెనీ పరుపు తొడుగులో నీళ్లు తిరుగుతూ ఒంటికి వేడో చల్లదనమో ఇస్తాయి. ధర రెండు వేల డాలర్ల పైమాటే. అక్కడ అర్ధరాత్రి. కొందరికి పక్క కాలిపోతోంది, కొందరికి తలవైపు లేచినది లేచినట్టే ఉండిపోయింది. ఫోను చేతిలో ఉంది, పరుపు వీపు కింద ఉంది. ఆ రెండూ మాట్లాడుకోవాలంటే మాత్రం అమెజాన్ క్లౌడ్ పలకాలి! కంపెనీ సీఈఓ క్షమాపణ చెప్పి, కొద్దిరోజుల్లోనే బ్లూటూత్‌తో నేరుగా పనిచేసే ఏర్పాటు తెచ్చారు.

నిజానికి డేటాబేస్ పడిపోవడంకన్నా, ఆ తర్వాత యాప్‌లు చేసే హడావిడే ప్రమాదం. టైమవుట్ పెట్టని యాప్ జవాబు కోసం కనెక్షన్లన్నీ పట్టుకుని కూర్చుంటుంది. మిగతావి రీట్రైల మీద రీట్రైలు కొడతాయి. జ్వరం నుంచి అప్పుడే లేచినవాణ్ణి ఊరంతా ఒకేసారి పరామర్శకొచ్చి మళ్లీ మంచం ఎక్కించినట్టు, కోలుకుంటున్న డేటాబేస్‌ను మళ్లీ కూలుస్తాయి. అందుకే ప్రతి ప్రయత్నానికీ ఎడం పెంచాలి, అందరూ ఒకే క్షణంలో ఎగబడకుండా ఆ ఎడాన్ని కాస్త అటూఇటూ చేయాలి. ఎంతకీ పలక్కపోతే సర్క్యూట్ బ్రేకర్ పడి కాసేపు అడగడమే మానేయాలి. ఈలోగా కొత్త ఆర్డర్లను క్యూలో దాచి, క్యాష్‌లో ఉన్న పాత పేజీ చూపించవచ్చు. సరుకుల పట్టీ గంట పాతదైతే ఎవరూ ఏడవరు. బ్యాంకు బ్యాలెన్స్ పాతదైతే ఏడుస్తారు, లేదా మరీ సంతోషిస్తారు.

2015 సెప్టెంబరులో ఇదే డైనమోడీబీ, అదే వర్జీనియాలో కొన్ని గంటలు పడకేసింది. నెట్‌ఫ్లిక్స్ కాస్త తడబడి, ట్రాఫిక్‌ను వేరే ప్రాంతాలకు మళ్లించి గట్టెక్కింది. అది ముందే సాధన చేసిన విద్య. అప్పటికే వాళ్ల దగ్గర కావాలని సర్వర్‌ను పీకే ఖేయాస్ మంకీ, జోన్‌ను ఆపేసే ఖేయాస్ గొరిల్లా, ఏకంగా ప్రాంతాన్నే మూసేసే ఖేయాస్ కాంగ్ అనే ప్రోగ్రాములు ఉండేవి. ఆ కోతిని మన ఆఫీసులో వదులుదామని అడిగితే మేనేజరు గారు కాదనరు. ‘రిలీజ్ అయ్యాక చూద్దాం’ అంటారు.