దొంగగారి సర్వీసు రూల్సు

తమిళ యాక్షన్ కామెడీలో దొంగగారు తెర మీదికి రాగానే పసిగట్టాల్సిన సంగతి ఒకటుంది. ఆయనకు దొంగతనం రాదు. మొహానికి గుడ్డ కట్టుకుంటాడు, ప్రహరీ దూకుతాడు, రైలు పెట్టెల మీద పరిగెడతాడు. బీరువా తాళం ఎలా తీశాడో మాత్రం రెండున్నర గంటల్లో రెండు నిమిషాలైనా చూపించరు. ఆ ఇంటి యజమాని ఎంత దుర్మార్గుడో చెప్పడానికి పావుగంట, దోచిన సొమ్ము ఏ పుణ్యకార్యానికి పోయిందో చెప్పడానికి అరగంట ఫ్లాష్‌బ్యాక్ ఖర్చవుతాయి. వృత్తికి ఇంత తక్కువ సమయం, సంజాయిషీకి ఇంత ఎక్కువ సమయం వెచ్చించేది మన దేశంలో సర్కారు ఉద్యోగి ఒక్కడే. ఈ దొంగ కూడా నిజానికి ఆ కోవలోవాడే. ప్రభుత్వం చేయకుండా వదిలేసిన పనుల మీదికి డిప్యుటేషన్‌పై వచ్చాడు. జీతం నిర్మాత ఇస్తాడు.

సర్వీసు రికార్డు చూస్తే విషయం తేలిపోతుంది. 1954లో ‘మలైక్కళ్ళన్’లో ఎం.జి.ఆర్. ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టాడు. అదే ఏడాది అదే కథతో తీసిన ‘అగ్గిరాముడు’లో ఎన్టీఆర్ తెలుగు శాఖ బాధ్యతలు చేపట్టాడు. తమిళ చిత్రానికి మాటలు రాసింది కరుణానిధి. రాసినాయన 1969లో, తమిళ దొంగ 1977లో, తెలుగు దొంగ 1983లో ముఖ్యమంత్రులయ్యారు. డిప్యుటేషన్ మీద బాగా పనిచేస్తే పర్మనెంటు చేస్తారనడానికి ఇంతకు మించిన దాఖలా ఏం కావాలి? 1993లో శంకర్ తొలి చిత్రం ‘జెంటిల్‌మన్’లో హీరో కిచ్చాకు విద్యాశాఖ అప్పగించారు. పగలు అప్పడాల వ్యాపారం, రాత్రి దోపిడీ. మార్కులున్నా క్యాపిటేషన్ ఫీజు కట్టలేక డాక్టరు చదువు చేజారింది కాబట్టి, కొల్లగొట్టిన ప్రతి రూపాయీ డబ్బు తీసుకోని కాలేజీ గోడల్లోకి పోతుంది. మన ‘కిక్’ 2010లో ‘తిల్లాలంగడి’గా చెన్నై చేరినప్పుడు పిల్లల వైద్యం ఖర్చు కూడా దొంగగారి పద్దులోనే పడింది. ఇన్ని శాఖలు చూస్తున్న మనిషికి సొంతానికి ఒక చొక్కా కొనుక్కునే తీరిక కూడా ఉండదు. పాటలో మాత్రం ఆరు చొక్కాలు మారుస్తాడు, అది టీఏ బిల్లు కింద పోతుంది.

ఇలాంటివాడికి జోడీగా, కథలో కూడా నటనే వృత్తిగా ఉన్న అమ్మాయిని పెడితే చక్కగా అతుకుతుంది, ఎందుకంటే ఈయన పనీ అదే. ‘మలైక్కళ్ళన్’ అబ్దుల్ రహీం అనే వర్తకుడి వేషంలో తిరుగుతాడు, కిచ్చా అప్పడాలవాడి వేషంలో. ఇద్దరికీ ఇరవైనాలుగు గంటలూ నటనే, కట్ చెప్పే నాథుడు లేడు. సినిమా అంతా వెంటపడే ఇన్‌స్పెక్టరు, గుడ్డ తీసిన మొహం ఎదురైనా పోల్చుకోలేడు. మేకప్ మనిషిని ఎంత మారుస్తుందో, ఎంత మార్చలేదో ఎరిగిన నటి ఒక్కచూపులో పట్టేస్తుంది. పైగా ఆమెకు అబద్ధానికి పారితోషికం ముడుతుంది, ఈయనకు లాఠీదెబ్బలు ముడతాయి. ప్రేమ పుట్టడానికి ఆ పాటి జాలి చాలు.

అందరూ ఇలా ధర్మాత్ములేనా, 2011 నాటి ‘మంకాత్తా’లో అజిత్ డబ్బు కోసమే డబ్బు కొట్టలేదా అనొచ్చు. కొట్టాడు. కానీ ఆ పాత్ర ఎవరు? సస్పెండైన పోలీసు అధికారి. అక్కడా సర్కారు కొలువే, కాకపోతే క్రమశిక్షణ చర్య నడుస్తోంది. మణిరత్నం ‘తిరుడా తిరుడా’లో, అంటే మన ‘దొంగ దొంగ’లో, చిల్లర దొంగలకు ఏ ఆశయమూ లేదు కదా అని మరో ప్రశ్న. నిజమే, అందుకే వెయ్యి కోట్ల కొత్త నోట్ల కంటైనరును వాళ్ళ చేత కొట్టించే ధైర్యం కథ చేయలేదు. ఆ పాపం వేరే ముఠాకు అంటగట్టి, సొమ్మును వీళ్ళ దారిలో పడేసింది. ఆశయం లేని దొంగకు పెద్ద దొంగతనం మంజూరు కాదు.

వీటన్నిటికంటే బలమైన ఆక్షేపణ పెద్దమనుషులది. ఇలాంటి సినిమాలు కుర్రాళ్ళను చెడగొడతాయంటారు. తాళం తీయడమే నేర్పని గురువు దగ్గర ఏ శిష్యుడు చెడతాడు? ఆయన నేర్పేది ఎదురుచూడటం. సీటు కొనుక్కోవాల్సి వస్తోందేమని ఎమ్మెల్యేను నిలదీయాల్సినవాడు, మొహానికి గుడ్డ కట్టుకున్నవాడొచ్చి కాలేజీ కడతాడని చప్పట్లు కొడతాడు. ఆ మత్తు పూర్తిగా తలకెక్కకుండా కాపాడేది పక్కనుండే కమెడియన్. లోకంలోని అసలు దొంగలాగా నా వాటా ఏదని అడిగేవాడూ, దొరికితే ఏమవుతుందోనని వణికేవాడూ అతనే. చూస్తున్నవాళ్ళందరి తరఫునా దెబ్బలు తినేది కూడా అతనే. హీరోగారు రిటైరవ్వాలంటే ఆ శాఖలను అసలు అధికారులు చూసుకోవాలి. అందాకా ఏటా ఎక్స్‌టెన్షన్ ఇస్తూనే ఉంటారు, మనం టికెట్టు కొంటూనే ఉంటాం.